పదకొండో నిమిషం

టెస్టింగ్ ల్యాబ్‌లో ముసలి టెస్టర్‌ని మీటరు ముందే చంపేశారు. కాగితాల్లో గుండెపోటని రాశారు. గుండెపోటట, నా మొహం! పెదాల మీద నురగ ఒక్కడి కంటికీ ఆనలేదు కాబోలు.

మర్నాడు మధ్యాహ్నం ఏజెంట్ ముందు నిఘా శాఖ చీఫ్ ఫైలు పడేశాడు.

"టీవీకి పెట్టే విదేశీ బాక్సు. నాలుగింటికి అప్రూవల్ స్టాంపు పడితే మన రహస్య సమావేశాల గదులన్నిటిలో ఇదే పెడతారు. ఆఫ్ చేసినా వింటోందని టెస్టర్ ఫోన్ చేశాడు. ఎలా పట్టాడో చెప్పేలోపే పోయాడు."

"నన్నే ఎందుకు సార్?"

"కంపెనీ కన్సల్టెంట్ మీ ఆవిడ."

"విడిపోయి ఆరేళ్లయింది."

"ఆవిణ్ణి అక్కడ పెట్టింది మనమే. ఇప్పుడెవరి మనిషో తెలీదు. 'చక్కెర తక్కువైంది' అను. మన మనిషైతే 'అసలు వెయ్యలేదు' అంటుంది."

మూడున్నరకి ఏజెంట్ తెల్లకోటు, అద్దె మీసంతో ల్యాబ్‌లో ఉన్నాడు. రూలు చిన్నదే. ఆఫ్‌లో ఉన్న వస్తువు అర వాటు మించి కరెంటు తాగకూడదు. దేనికోసమైనా కాచుకుని ఉంటే అది ఆఫ్ కాదు, స్టాండ్‌బై. ఆ ల్యాబ్‌లో పది నిమిషాలు కొలిచి మీటరు ఆపేస్తారు.

ఆమె ముత్యాల దండతో వచ్చి టీ కప్పు అందించింది. "మీసం నీకు నప్పలేదు."

"చక్కెర తక్కువైంది."

"అసలు వెయ్యలేదు."

హమ్మయ్య! కప్పు పెదాల దాకా వెళ్లింది. అప్పుడే స్టాంపు ఆఫీసర్ గొణిగాడు. "మీరైనా టైముకి మీటరు ఆపండి బాబూ. ఆ ముసలాయన టీకి వెళ్తే మరిచేపోయేవాడు. ఎన్ని చివాట్లు పెట్టానో!"

టీ... నురగ... ఆపని మీటరు. ఏజెంట్ కప్పు దించేశాడు. మీటరు ఆన్ చేసి చేతులు కట్టుకున్నాడు.

పది నిమిషాలూ 0.3 వాట్లే. ఆఫీసర్ స్టాంపు ఎత్తాడు.

"మీటరు ఆపు," అందామె. "స్విచ్ నొక్కాం, ఆఫ్. రూల్ అంతే."

"ఇంకొక్క నిమిషం."

పదకొండో నిమిషంలో అంకె ఆరుకి ఎగిరింది. సిగ్నళ్లు పసిగట్టే ఏజెంట్ వాచీ బీప్‌మంది. బాక్సు విన్నదంతా బయటికి పంపుతోంది. ప్లగ్ వైపు దూకిన ఆమె మణికట్టుని అతను పట్టేశాడు. కాగితానికి వేలెడు దూరంలో స్టాంపు ఆగిపోయింది.

"ముసలాయనకీ టీ నువ్వే ఇచ్చావా?"

"ఆయన చక్కెర అడిగాడు. రెండు చెంచాలు వేశాను."

ఆ ముంజేతి మీది పుట్టుమచ్చ అతనికి తెలుసు. పోలీసులు వచ్చేదాకా వదల్లేదు, గట్టిగానూ పట్టుకోలేకపోయాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

కారులో చీఫ్ రిపోర్ట్ రాసుకుంటున్నాడు. "ఆవిడతో నీ సంబంధం ఆఫే కదా? అలాగే రాస్తున్నా."

"ఆరేళ్లుగా నేనూ అలాగే రాసుకున్నాను సార్. ఇవాళ ఆవిడ టీ ఇస్తే తాగబోయాను. స్టాండ్‌బై అని దిద్దండి."