కొసరి వడ్డించే మాట

“నమూనా సరిపోలేదు. మళ్ళీ చెప్పండి” అంది యంత్రం.

మంగతాయారుకి ఒళ్ళు మండిపోయింది. మాటల మీద హక్కులు నమోదు చేసే ఈ గాజు గదిలో పొద్దుటి నుంచి కూర్చుని ఒకే మాట చెబుతోంది. కాకినాడలో ఆమె మెస్‌కి వచ్చేవాళ్ళందరికీ తెలిసిన మాటే: “మొహమాటపడకండి, ఇంకాస్త వేసుకోండి.” పప్పు గరిటె పట్టుకుని ఆమె అలా అంటే కాదనగలిగినవాడు ఇంతవరకూ పుట్టలేదు. ఎదురుగా కొత్తగా వెలిసిన పెద్ద హోటల్‌వాళ్ళు ఇప్పుడు ఆ మాటనే స్పీకర్లో పెట్టి, ఆమె జనాన్ని తన్నుకుపోతున్నారు. మాట మీద హక్కు రాకపోతే మెస్ మూసుకోవాల్సిందే.

“మాటలు అందరివమ్మా, ఒక్కరికి రాసివ్వలేం” అన్నాడు యంత్రాన్ని తయారుచేసిన డాక్టర్ కమలాకర్. “అందుకే ఇది మాటతోపాటు గొంతులోని భావాన్ని కూడా కొలుస్తుంది. శ్రుతి, ఊపిరి, విరుపు కలిపి వేలిముద్రలా ఒక గొంతు ముద్ర గీస్తుంది. ఆ భావంతో ఆ మాట వ్యాపారంలో వాడే హక్కు ఇక మీదొక్కరిదే. ప్రతి హోటల్ గోడకీ మైకు బిగిస్తాం. ఎవరు కాపీ కొట్టినా పట్టేస్తుంది.”

“మరి నేను చెప్పేది దానికెందుకు ఎక్కట్లేదండీ?”

“నటిస్తున్నారని దానికి తెలిసిపోతోంది.”

“విస్తరి లేదు, గరిటె లేదు, తినే మనిషి లేడు. ఎవర్ని చూసి కొసరమంటారు డాక్టరు గారూ, మీ గాజు గోడనా?”

“నమూనా సరిపోలేదు. మళ్ళీ చెప్పండి.”

మంగతాయారు పళ్ళు కొరికింది. “మొహమాటపడకండి” అంది యంత్రం మొహాన చెయ్యి ఊపుతూ, “ఇంకాస్త వేసుకోండి.”

ఆకుపచ్చ దీపం వెలిగింది. “భావం స్వచ్ఛంగా ఉంది. నమోదైంది.”

కమలాకర్ తెర చూసి తల గోక్కున్నాడు. ఒకసారి పడిన ముద్రని ఎవరూ తారుమారు చేయకూడదని, మార్చే వీలు ఆయనే పెట్టలేదు. “అమ్మా, ఒక్క మాట...”

“ఇంక ఒక్క మాట కూడా చెప్పనండి. నా పొయ్యి మీద ఎసరు మరుగుతోంది” అని ఆమె వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం, పోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైన సూర్రాజు గారి విస్తరి మీదికి వంగి, ఆమె ఎప్పటిలాగే ప్రేమగా ఆ మాట అంది. గోడ మీది మైకు కీచుమంది. “ఈ భావం మీది కాదు. మళ్ళీ వాడితే మెస్‌కి సీలు వేస్తాం.”

ఆమె కమలాకర్‌కి ఫోన్ చేసి కడిగిపారేసింది.

“మీ హక్కు విసుక్కుంటూ అన్నదాని మీదమ్మా” అన్నాడాయన నీళ్ళు నములుతూ. “ప్రేమగా అన్నది నిన్న సాయంత్రం ఎదురు హోటల్‌వాళ్ళకి నమోదైంది.”

“వాళ్ళు నటిస్తే దానికి తెలియలేదా?”

“నటించలేదమ్మా. బాగా ఆకలి మీదున్న మనిషిని, విస్తరిని, గరిటెని వెంట తెచ్చుకున్నారు.”

ఆమె ఫోన్ పెట్టేసింది. వీధి అవతల స్పీకర్ తియ్యగా జనాన్ని పిలుస్తోంది. ఇవతల సూర్రాజు గారు ఖాళీ విస్తరి ముందు, ఆ మాట కోసం తలెత్తి చూస్తున్నారు. ఇన్నేళ్ళుగా ఆ మాట వినందే ఆయన మారు వడ్డించుకున్నది లేదు. మంగతాయారుకి ఏడుపొచ్చింది. మైకు వైపు ఓసారి చూసి, గరిటె ముంచి, కసిరింది.

“మొహమాటపడకండి. ఇంకాస్త వేసుకోండి.”

మైకు మీద ఆకుపచ్చ దీపం వెలిగింది. సూర్రాజు గారు విస్తరి మడిచేశారు.