ఫోటో రోజు దాహం

"మీ జట్టు మగపిల్లలు అద్దం ముందు నిలబడి ఏడుస్తున్నారు. మీకు తెలుసా?" అంది ఆమె, తలుపైనా తట్టకుండా లోపలికొచ్చి.

కాలేజీ ఈతకొలను పక్కనే ఉన్న ఇరుకు గది అది. పెద్ద కోచ్ నవ్వాడు. "మగపిల్లలకి అలాంటివి ఉండవమ్మా. ఆకలేస్తే ఏడుస్తారంతే."

"తినడం మానేసి ఏడుస్తున్నారు సార్. ఒకడికి ఛాతీ లేదని దిగులు, ఇంకొకడికి నడుముందని దిగులు. తలనొప్పని చెప్పి నా గదిలో కూర్చుంటారు. అసలు సంగతి బయటికి లాగేసరికి నాకు తలనొప్పి వస్తోంది."

ఆమె కాలేజీకి కొత్తగా వచ్చిన విద్యార్థుల కౌన్సెలర్. తన దగ్గర వాళ్ళు సిగ్గుపడుతున్నారనీ, ఈత తెలిసినవాళ్ళెవరైనా బుధవారం సాయంత్రాలు వాళ్ళతో కూర్చుని మాట్లాడించాలనీ ఆమె కోరిక. పెద్ద కోచ్ వేలు వెంటనే చిన్న కోచ్ వైపు తిరిగింది. పని తప్పించుకోవాల్సి వచ్చినప్పుడల్లా ఆ వేలు అటే తిరుగుతుంది.

చిన్న కోచ్ ఆ గదిలోనే మూలన తువ్వాళ్ళు మడతపెడుతున్నాడు. పొద్దుటినుంచి అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. "నేనా? నాకేం తెలుసండీ ఇవన్నీ?"

"తెలియకపోతే మరీ మంచిది. ఉపన్యాసాలివ్వరు" అంది ఆమె.

అలా మొదలైంది. తువ్వాళ్ళ గదిలో కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చునేవాళ్ళు. మొదటి బుధవారం అందరూ నేలవైపే చూశారు. రెండోసారి, అందరూ అగ్గిపుల్ల అని పిలిచే సన్నటి కుర్రాడు నోరు విప్పాడు. "రోజూ అద్దంలో చూసుకుంటాను సార్. నిన్నటికంటే సన్నబడ్డట్టే ఉంటుంది. డబ్బాలకొద్దీ ప్రోటీన్ పొడి తాగుతున్నా." మరో కుర్రాడు తన నడుము గురించి చెప్పాడు. ఆ తర్వాత ఎవరినీ ఆపడం కష్టమైంది.

చిన్న కోచ్ బాగానే మాట్లాడించాడు. "ఆ చేతులు ఎలా కనపడుతున్నాయో తర్వాత చూద్దాం. నీళ్ళలో నిన్ను ఎంతదూరం లాక్కెళుతున్నాయో అది చెప్పు ముందు" అనేవాడు. కండల గీతలు బాగా తేలాలని ఫోటోల ముందు నీళ్ళు మానేసే పిచ్చి అలవాటు ఒకటి ఆ కుర్రాళ్ళలో ఉండేది. దానివల్ల పెదాలు ఎలా ఎండుతాయో, పిక్కలు ఎలా పట్టేస్తాయో విడమరిచి చెప్పి మాన్పించాడు. ఆమె మూలన కూర్చుని వినేది.

అందరూ వెళ్ళాక ఇద్దరూ మెషిన్ కాఫీ తాగుతూ మెట్లమీద కూలబడేవాళ్ళు. ఆమెకి కళ్ళు మూతలు పడుతుండేవి, అతనికి కాళ్ళు లాగుతుండేవి. ప్రేమలో పడ్డవాళ్ళకి గుండె దడదడలాడుతుందంటారు. ఇతనికేమో ఆమె పక్కన కూర్చుంటే ఆవలింత వచ్చేది. అంత నిశ్చింత.

ఒకరోజు వాన పట్టుకుంది. గొడుగు లేదు. ఉన్నా తెరిచే ఓపిక ఇద్దరికీ లేదు.

"ఎలాగూ తడుస్తాం కదా. ఆదివారం సముద్రానికెళదామా? నాకు ఈత నేర్పుదురుగాని" అంది ఆమె, వానవైపే చూస్తూ.

అతని ప్రాణం ఒక్కసారి లేచొచ్చి, అంతలోనే చతికిలబడింది. భుజం దెబ్బతిని పోటీలు మానేశాక అతనికి పొట్ట వచ్చింది. చూసేవాళ్ళకి అది పెద్ద లెక్కలోది కాదు. అతనికి మాత్రం తన ఒంట్లో అది తప్ప ఇంకేమీ కనిపించేది కాదు. ఎండాకాలంలో కూడా వదులు ట్రాక్‌సూట్ కోటు వేసుకునే కొలను గట్టుమీద తిరిగేవాడు.

"ఆదివారం పనుందండీ."

"పై ఆదివారం?"

"అప్పుడూ ఉంది."

"ఓహో. మీ ఆదివారాలు చాలా బిజీ అన్నమాట" అని ఆమె కాఫీ కప్పు నలిపి బుట్టలో పడేసింది. మళ్ళీ అడగలేదు. తర్వాతి బుధవారాల్లో మెట్లమీద కూర్చోకుండా నేరుగా ఇంటికెళ్ళిపోయింది. తనమీద ఇష్టం లేక తప్పించుకుంటున్నాడని ఆమె అనుకుంది. అలా అనుకుంటుందని ఇతనికి తెలుసు. నిజం చెప్పడంకంటే అదే తేలికనిపించింది.

ఇంతలో కాలేజీ పోస్టర్ కోసం ఈత జట్టు ఫోటో తీస్తామన్నారు. కోచ్‌లు కూడా ఈత దుస్తుల్లోనే నిలబడాలట. పెద్ద కోచ్‌కి ఆరోజే నడుంనొప్పి వచ్చింది. చిన్న కోచ్‌కి ఏ నొప్పీ సమయానికి రాలేదు.

తా దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టు, నీళ్ళు మానొద్దని ఊరందరికీ చెప్పిన పెద్దమనిషి ముందురోజు మధ్యాహ్నం నుంచే నీళ్ళు మానేశాడు. తిండీ మానేశాడు. ఫోటో దగ్గరికి ఆమె వస్తుంది. ఆమె చూస్తుంది. అతని బుర్రలో అదొక్కటే మాట.

పొద్దున్న కుర్రాళ్ళంతా సీసాలెత్తి గటగటా తాగుతున్నారు. అగ్గిపుల్ల తన సీసా చాపి, "తాగండి సార్" అన్నాడు.

"తాగానురా."

ఫోటోగ్రాఫర్‌కి నిలబడ్డ ఫోటోలు నచ్చలేదు. "అందరూ ఒక్కసారి దూకండి. చూడ్డానికి బావుంటుంది" అన్నాడు. దూకారు. నీళ్ళలో పడగానే చిన్న కోచ్‌కి రెండు పిక్కలూ పట్టేశాయి. దొంగకి తేలు కుట్టినట్టే. అరిస్తే ఎందుకైందో చెప్పాలి. అరవకుండా మునిగాడు.

పైకి లాగింది అగ్గిపుల్లే. ఏ చేతులు సన్నగా ఉన్నాయని కుళ్ళికుళ్ళి ఏడ్చాడో ఆ చేతులతోనే గట్టుమీదికి ఈడ్చి పడుకోబెట్టాడు. ఆమె పరుగెత్తుకొచ్చింది.

"సార్ పెదాలు చూడండి మేడమ్" అన్నాడు ఆ కుర్రాడు, రొప్పుతూ. "నిన్నటినుంచి నీళ్ళు తాగలేదు."

ఆ గుర్తులన్నీ నేర్పింది ఇతనే. చుట్టూ నిలబడ్డవాళ్ళంతా అతని పెదాలవైపే చూశారు. మునిగిపోయినా బావుండేదనిపించింది అతనికి.

ఫస్ట్ ఎయిడ్ గదిలో ఆమె గ్లాసు చేతికిచ్చి, అది ఖాళీ అయ్యేదాకా చూస్తూ నిలబడింది.

"ఎందుకు చేశారిలా?"

"ఫోటో కోసం."

"ఆ పోస్టర్ ఎవరు చూస్తారండీ!"

"పోస్టర్ గురించి కాదు. మీరు చూస్తారని." అతను ఖాళీ గ్లాసు పక్కన పెట్టాడు. "సముద్రానికి రాననడం కూడా ఇందుకే. చొక్కా విప్పాల్సొస్తుందని. మీరంటే ఇష్టం లేక కాదు. చాలా ఇష్టం."

ఆమె ఒళ్ళంతా అలసిపోయినదానిలా కుర్చీలో కూర్చుంది. "నాలో ఏం లోపముందో అని రోజూ ఆలోచించాను. తెలుసా? నా ఉద్యోగమే ఆ ఆలోచన మాన్పించడం. అయినా ఆలోచించాను."

"క్షమించండి."

"నాకు చెప్పకపోతే పోయారు. వాళ్ళకి అబద్ధం చెప్పారు. అగ్గిపుల్ల పొడి డబ్బా పారేసింది మీ మాట నమ్మి. రేపు మళ్ళీ కొనుక్కుంటే ఏం చేద్దాం?"

"బుధవారం ఇంకెవరినైనా కూర్చోబెట్టండి. నా మొహం వాళ్ళకి చూపించలేను."

"మీరే రావాలి. ముందు వాళ్ళకి జవాబు చెప్పండి. నా సంగతి తర్వాత." ఆమె లేచి వెళ్ళిపోయింది.

బుధవారం అతను తువ్వాళ్ళ గది గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. లోపల ఎవరూ ఉండరనే అనుకున్నాడు. కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. రోజూ తను కూర్చునే కుర్చీ వదిలేసి కుర్రాళ్ళ మధ్యన ఇరుక్కుని కూర్చున్నాడు.

"నాకు నా పొట్టంటే సిగ్గు" అన్నాడు. ఆ ఒక్క ముక్క అనడానికి ప్రాణం తోడేసినట్టయింది. "మీకు చెప్పినవన్నీ నిజాలే. నామీదికొచ్చేసరికి నమ్మలేకపోయాను. ఇప్పటికీ పూర్తిగా నమ్మకం లేదు. కానీ నీళ్ళు తాగుతున్నాను. అన్నం తింటున్నాను."

అగ్గిపుల్ల గొంతు సవరించుకున్నాడు. "మాకు తెలుసు సార్. ఎండలో కోటేసుకు తిరిగేది ఈ కాలేజీలో మీరొక్కరే. మీరెప్పుడు చెబుతారా అని చూస్తున్నాం."

"పొడి డబ్బా మళ్ళీ కొన్నావా?"

"కొందామనుకున్నాను. మిమ్మల్ని నీళ్ళలోంచి లాగాక నా చేతులమీద నాకే కాస్త గౌరవం పెరిగింది. మీరు తేలికేం కాదు కదా!"

గది గొల్లుమంది. చిన్న కోచ్ కూడా నవ్వాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అయినా సార్, ఫోటో కోసం ఇంత చేశారా?" మరొకడు వదల్లేదు.

"ఫోటో కోసం కాదురా. ఒకరికి నచ్చాలని."

"ఎవరికి?"

అతను జవాబివ్వాల్సిన అవసరం లేకపోయింది. తలలన్నీ ఒక్కటొక్కటిగా మూలవైపు తిరిగాయి.

ఆమె అప్పటిదాకా అరచేతిలో గడ్డం ఆనించుకుని వింటోంది. అలసిపోయిన కళ్ళతోనే అతనివైపు చూసింది. తువ్వాళ్ళు మడతపెట్టిన మొదటిరోజునుంచీ ఆమె అతన్ని అలాగే చూస్తోంది. అతనికి ఇప్పుడు తెలిసింది.

"నచ్చారు. ఎప్పుడో నచ్చారు" అంది. "ఇక పక్క కుర్చీలోవాళ్ళు మాట్లాడండి."