కొండకు ఇవతలి కథ

"అబద్ధం!" అన్నారు వెనక వరసలోంచి ఎవరో.

సూయున్ మైకు దించింది. పొద్దున్నుంచీ తేయాకు తోట చూడ్డానికి వచ్చిన వాటిలో అది ఆరో బస్సు. చెప్పిన కథే చెప్పి చెప్పి గొంతు బొంగురుపోయింది. పేద రైతొకడు రోజూ కరుణా దేవత గ్వాన్‌యిన్ తల్లికి మూడు గిన్నెల టీ నైవేద్యం పెట్టేవాడు. తల్లి కలలో కనబడి రాతి సందులో మొక్క చూపించింది. చైనాలోని ఈ ఆన్‌షీ కొండల్లో పండే 'ఇనుప గ్వాన్‌యిన్' తేయాకు అలా పుట్టింది.

"ఏది అబద్ధం?"

"కలా లేదు, గిలా లేదండీ. ఆ మొక్కను కనిపెట్టింది బాగా చదువుకున్న పెద్దమనిషి. చక్రవర్తికి పంపితే ఆయనే పేరు పెట్టాడు."

"ఆ కథ వాళ్లదేగా. మీది కొండకు అవతలి ఊరా?"

"అవును. అక్కడ నేనూ గైడునే. పేరు జిన్‌హై. మీరెలా చెబుతారో విందామని..."

"విన్నారుగా. ఇక దయచేయండి."

దయచేయలేదు. మర్నాడూ వచ్చాడు, ఆ మర్నాడూ వచ్చాడు. బస్సులు వెళ్లిపోయాక సూయున్ నాయనమ్మతో కలిసి ఎండిన ఆకులోంచి కాడలు ఏరుతుంటే, తనూ ఒక బుట్ట ముందేసుకుని కూర్చునేవాడు.

"మీ ఊళ్లో పనిలేదా?"

"బోలెడుంది. ఇక్కడైతే అలసట తెలియదు."

"నాకు తెలుస్తోంది" అందామె నడుం పట్టుకుని. నాయనమ్మ ముసిముసిగా నవ్వింది.

వాన పడుతున్న ఒక ఉదయం సూయున్ గొంతు పూర్తిగా మూగబోయింది. ఎదురుగా నలభై మంది. కథ లేకపోతే బస్సులు వేరే తోటకు పోతాయని యజమాని ముందే హెచ్చరించాడు. ఆమె నోరు తెరిచింది, గాలి తప్ప మాట రాలేదు.

జిన్‌హై మైకు అందుకున్నాడు. ఇక ఆ పెద్దమనిషి కథే అనుకుంది సూయున్. కాదు.

"ఆ రైతు రోజంతా చాకిరీ చేసేవాడు. ఒళ్లు పులిసిపోయేది. అయినా తెల్లారగానే లేచి మూడు గిన్నెలూ పెట్టేవాడు. అంత అలిసిన మనిషిని చూస్తే ఏ తల్లి మనసు కరగదు?"

వెయ్యిసార్లు చెప్పిన కథ. ఆ రైతు కూడా అలిసిపోతాడని ఆమెకెప్పుడూ తట్టలేదు. కళ్లు చెమర్చాయి.

బస్సు కదిలాక, చూరు కింద గుసగుసగా అడిగింది. "మీ ఊళ్లో తెలిస్తే?"

"తెలిసిపోయింది. ఆ డ్రైవరు మా బాబాయే. తాతయ్యకు చెప్పేశాడు, ఇంటి గడప తొక్కొద్దని ఆయన ఫోన్ చేశాడు."

"మరెందుకు చెప్పావు?" మొదటిసారి 'నువ్వు' అంది.

"నువ్వలా నిలబడిపోతే చూడలేకపోయాను. నువ్వంటే ఇష్టం సూయున్. కథలా చెప్పడం రావట్లేదు."

సిగ్గుపడే ఓపిక లేదామెకు. అతని భుజం మీద తల వాల్చేసింది.

మర్నాడు నాయనమ్మ గొడుగు పట్టుకుని కొండ దాటి వెళ్లింది. మధ్యాహ్నానికి తిరిగొచ్చి, అరుగు మీద కూలబడింది.

"ఈ అబ్బాయి తాతయ్య పెళ్లికి ఒప్పుకున్నాడు. పెళ్లిలో ముందు వాళ్ల కథే చెప్పాలట."

సూయున్ జిన్‌హై వైపు చూసింది. బొంగురు గొంతుతోనే అంది:

"ఎవరి కథా వద్దు నాయనమ్మా. ఆ ఒక్కరోజైనా మా ఇద్దర్నీ ఊరికే కూర్చోనివ్వండి."