మూడో ప్రశ్నలో ఖాళీ గడి

పాండురంగారావు మాష్టారు రేపల్లె స్టేషన్లో రైలు దిగి పదడుగులు వేశాడు. పదకొండో అడుగు వేయలేకపోయాడు.

తువ్వాలు కప్పుకున్న మనిషొకడు ఆయన్ని రాసుకుంటూ వెళ్లాడు. మాష్టారు నడుం పట్టుకుని సిమెంటు బల్ల మీద కూలబడ్డాడు. సువార్త పుస్తకాలమ్మే వేషంలో ఎదురుగా నిలబడ్డ బర్నబాస్ పరుగున వచ్చేసరికి ఆయన పెదాలు నల్లబడుతున్నాయి. విషపు సూది.

"మూడో ప్రశ్న చూడు, బర్నబాసూ," అని ఆయన జేబులోంచి ఫ్లాపీ తీసి అతని చేతిలో పెట్టాడు. మళ్లీ మాట్లాడలేదు.

సూది గుచ్చినవాడి ఎడమ కన్ను కింద కాలిన మచ్చ ఉంది. బర్నబాస్ చూశాడు గానీ వెంటపడలేకపోయాడు. మాష్టారి తల అతని ఒళ్లో ఉంది. సీక్రెట్ సర్వీసులో చేరిన పన్నెండేళ్లలో అతనికి అంత కోపం ఎప్పుడూ రాలేదు.

అది 1997 ఫిబ్రవరి. మాష్టారు బాపట్లలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. క్షిపణి గైడెన్స్ రహస్యాలు దొంగిలించిన విదేశీ ముఠా, ఆ లెక్కలు అసలువో నకిలీవో తేల్చడానికి ఆయన్ని పట్టుకుంది. ఆయన సరేనని, సంగతి బర్నబాస్‌కి చెప్పేశాడు. సరుకు ఏ రేవు నుంచి, ఎన్ని గంటలకు దాటుతుందో ఒక ప్రశ్నపత్రంలో దాచి తెస్తానన్నాడు. మూడో ప్రశ్నలో భిన్నం ఉంటుంది. గీతకు పైన ఒకటుంటే సూర్యలంక, రెండుంటే నిజాంపట్నం. కింద ఉన్న అంకె టైము. రెండు రేవులకూ కలిపి నిఘా లాంచీ ఒక్కటే ఉంది.

ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే హైదరాబాద్‌లో చీఫ్ మల్లికార్జునరావు విషయమంతా విని, తెనాలి వెళ్లి పుష్పలతను కలవమన్నాడు. ఆమె అక్కడ డీటీపీ సెంటర్ నడుపుతోంది. పైకి ముఠా మనిషి, లోపల మన మనిషి అని చీఫ్ నమ్మకం.

పుష్పలత పచ్చ షిఫాన్ చీరలో, నల్లద్దాలు తల మీదకు నెట్టుకుని, సినిమా పోస్టర్ మీంచి దిగినట్టుంది. బర్నబాస్ ఫ్లాపీకి రైట్ ప్రొటెక్ట్ గడి తెరిచి, తనే డ్రైవులో పెట్టాడు. దానితో ఆ ఫైల్లో ఎవరూ ఒక్క అక్షరం కూడా మార్చలేరు. ఆమె కీబోర్డు ముందు కూర్చుని, వోల్టేజీ పడిపోతోందండి, ఆ స్టెబిలైజర్ ఒకసారి చూడండి అంది. అతను వెళ్లి చూసి వచ్చాడు. వోల్టేజీ బాగానే ఉంది.

తెర మీద ప్రశ్నపత్రం తెరుచుకుంది. తొమ్మిది ప్రశ్నలున్నాయి. మాటలన్నీ కనిపిస్తున్నాయి. ఈక్వేషన్ ఉండాల్సిన ప్రతిచోటా ఖాళీ గడి ఉంది.

"ఫైలు చెడిపోయిందండి," అంది పుష్పలత. "పెద్దాయన, పాపం, కంప్యూటర్ సరిగ్గా తెలియదు. అయినా ముఠావాళ్లు అనుకుంటుంటే నేను విన్నాను లెండి. సూర్యలంకే."

ఆమె ఆ మాటే ఫోన్లో చీఫ్‌కి చెప్పింది. చీఫ్ లాంచీని సూర్యలంకకు పంపేసి, ఫైలు పక్కన పడేసి వచ్చేయమని బర్నబాస్‌కి ఆర్డరు వేశాడు. బర్నబాస్ రిసీవర్ పెట్టేశాడు. పిల్లల పేపర్లో దశాంశ బిందువు తప్పినా ఊరుకోని మనిషి, ప్రాణం పణంగా పెట్టి తెచ్చిన ఫైలును తప్పుగా చేస్తాడా?

పుష్పలత ఇంకో ఫోన్ చేసుకోవాలని లోపలి గదిలోకి వెళ్లింది. అతను ప్రింట్ కొట్టాడు. డాట్ మాట్రిక్స్ ప్రింటర్ కీచుమంటూ కాగితాన్ని బయటికి తోసింది. కాగితం మీద ఈక్వేషన్లు ఉన్నాయి. మొదటి ప్రశ్నలో వర్గమూలం, రెండో దానిలో సిగ్మా.

అంటే ఫైలు చెడలేదు. ఈక్వేషన్లను బొమ్మలుగా లెక్కేసే ఈ కంప్యూటర్‌కి, బొమ్మలు చూపించొద్దని ఎవరో చెప్పారు. డిపార్ట్‌మెంటు ఇప్పించిన ఆరు వారాల ట్రైనింగ్ గుర్తుచేసుకుని ఆప్షన్స్‌లో వ్యూ పేజీ తెరిచాడు. 'పిక్చర్ ప్లేస్‌హోల్డర్స్', అంటే బొమ్మల బదులు ఖాళీ గడులు, అన్నదాని పక్కన టిక్కు ఉంది. తీసేశాడు. తెర మీద ఖాళీ గడులన్నీ లెక్కలతో నిండాయి.

మూడో ప్రశ్న మాత్రం సగమే కనిపించింది. కింద మూడు ఉంది. పైన ఏమీ లేదు. కాగితం మీదా అంతే. మూడు గంటలకన్నమాట, కానీ ఎక్కడ?

"చెయ్యి కీబోర్డు మీంచి తియ్యండి."

పుష్పలత చేతిలో లిప్‌స్టిక్ అంత పిస్తోలు ఉంది.

"ఆయన రైల్లో వస్తున్నాడని వాళ్లకి చెప్పింది నువ్వేనా?" అన్నాడు బర్నబాస్.

"మీ ఆఫీసు నన్ను నమ్మింది. అది నా తప్పా?"

ఆ మాటకు బర్నబాస్‌లో పొద్దుటి నుంచి అణచుకున్న కోపమంతా కట్ట తెగింది. ప్రింటర్‌ని రెండు చేతులా ఎత్తి విసిరాడు. ఆమె పేల్చిన గుండు గోడకు తగిలింది. ప్రింటర్ ఆమెకు తగిలింది. ప్రింటర్ కేబుల్‌తోనే ఆమె చేతులు కుర్చీకి కట్టాడు.

మళ్లీ తెర ముందు కూర్చున్నాడు. భిన్నం పైభాగం ఎవరో కత్తెరతో కోసినట్టుంది. పేరాగ్రాఫ్ సెట్టింగ్ తెరిచాడు. లైన్ స్పేసింగ్ దగ్గర 'ఎగ్జాక్ట్‌లీ, పన్నెండు పాయింట్లు' అని ఉంది. వరుస ఎత్తు అంతే ఉండాలని బిగించేస్తే, పొడుగు ఈక్వేషన్ తల తెగిపోతుంది. ఇది పుష్పలత పని కాదు, ఫైల్లోనే ఉంది. తొమ్మిది ప్రశ్నలూ ఒకే కాగితంలో పట్టాలని మాష్టారే బిగించి ఉంటాడు. జీవితమంతా కాగితం వృథా చేయని మనిషి. బర్నబాస్ తెర మీద మటుకు దాన్ని 'సింగిల్' అని మార్చాడు.

గీత మీద రెండు లేచి నిలబడింది.

నిజాంపట్నం. అప్పటికి పన్నెండున్నర. ఫోన్ చేస్తే చీఫ్ నీళ్లు నమిలాడు. లాంచీ సూర్యలంక దగ్గర ఉంది, తిరిగొచ్చేసరికి నాలుగవుతుందన్నాడు. అవతలి నుంచి ఇంకా మాట వినిపిస్తుండగానే బర్నబాస్ ఫోన్ పెట్టేసి, పుష్పలతను పోలీసులకు అప్పగించి జీపెక్కాడు.

రేవు చేరేసరికి మూడుకి పది నిమిషాలు. చేపల వేలంపాట ముగిసింది. నీలం బోటు ఒకటి ఇంజన్ స్టార్ట్ చేసి ఉంది. ఐసు పెట్టె పక్కన కన్ను కింద మచ్చ ఉన్నవాడు నిలబడ్డాడు. ఆ వేలం పాడించే పేరంటాలు అనే ఆవిడ దగ్గరికి బర్నబాస్ పరుగెత్తాడు. పొద్దున ఒక ముసలి మాష్టారిని చంపినవాడు ఆ బోటులో ఉన్నాడని మాత్రం చెప్పాడు.

ఆమె వేరే ప్రశ్న వేయలేదు. "ఒరే మస్తాన్‌రావు, మొగ దగ్గర బోట్లు అడ్డం పెట్టండ్రా," అంది.

కాలువ సముద్రంలో కలిసే ఆ మొగలో నాలుగు బోట్లు దారికి అడ్డంగా తిరిగాయి. నీలం బోటు తాడు విప్పుకుని కదిలి, వాటికి కొట్టుకుని ఆగింది. బర్నబాస్ దూకి దానిలో పడ్డాడు. మచ్చవాడు చందువా చేపల కిందినుంచి ఫ్లాపీల పొట్లం లాగి సముద్రంలోకి విసరబోయాడు. బర్నబాస్ ఆ మణికట్టు పట్టుకుని మెలి తిప్పాడు. పొట్లం డెక్కు మీద పడింది. తర్వాత కూడా అతను కొట్టడం ఆపలేదు.

"చాలు బాబూ," అంది పేరంటాలు గట్టు మీంచి. "చచ్చిపోతే నిజమెవరు చెబుతారు?"

బర్నబాస్ చెయ్యి దించాడు. లాంచీ నాలుగింటికి వచ్చింది, సంకెళ్లతో సహా.

ఆ సాయంత్రం చీఫ్ అభినందించి, రిపోర్టు కంప్యూటర్లో టైపు చేసి ఫ్లాపీలో పంపమన్నాడు. బర్నబాస్ అలాగే సార్ అన్నాడు. తర్వాత కార్బన్ కాగితం పెట్టి, చేత్తో, గీతలు దాటే పెద్ద పెద్ద అక్షరాలతో రాసి పంపాడు.