పుట్టుమచ్చే!

ఓజోన్ పొర పలచబడి ఎండకు విషమెక్కిన ఆ కాలంలో, విశాఖలో పళ్లు తోముకోవడం ఎంత అలవాటో పొద్దున్నే చర్మదర్శినికి మొహం చూపించడమూ అంతే. చూడ్డానికి అది మామూలు అద్దమే. కానీ రకరకాల కాంతిని చర్మంలోకి దింపి, మచ్చ కింది కణాల అమరికను చదివేస్తుంది. తేడా కనిపిస్తే ఆ మచ్చ సంగతి అడుగుతుంది. రెండూ కలిపి ఉత్త మచ్చో, క్యాన్సరో తేల్చేస్తుంది. దాన్ని కనిపెట్టిన డాక్టర్ మందాకినికి దానిమీద కొండంత నమ్మకం. ఉండదూ మరి! ఊరు ఊరంతా దాని మాట మీదే గడప దాటుతోంది.

ఆ రోజు ప్రయోగశాలలో దాలినాయుడు కొత్త అద్దం బిగించి, తనే ముందు నిలబడ్డాడు. చర్మదర్శినికి కటకాలు మలిచింది ఆయనే.

"ఎడమ చెంప మీది మచ్చ ఎప్పటినుంచి ఉంది?" అడిగింది అద్దం.

"పుట్టుమచ్చే."

"భయం లేదు."

మందాకిని తలెత్తింది. "నాయుడుగారూ, నిరుడు మీ చెంప మీద ఏ మచ్చా లేదు కదండీ?"

"లేదమ్మా. అయితే ఏటి? పుట్టుమచ్చని పుట్టుమచ్చనకుండా ఇంకేటంటాం?"

ఆమెకు అప్పుడు తట్టింది. నిజమే! మనవాళ్లకు నిన్నగాక మొన్న మొలిచిందీ పుట్టుమచ్చే. పిచ్చి యంత్రం దాన్ని పుట్టుకతో వచ్చిన మచ్చ అనుకుని అనుమానం కొట్టేస్తోంది. అలా ఎంతమందిని పంపేసిందో! అప్పటికప్పుడు ఊళ్లోని అద్దాలన్నింటికీ ప్రశ్న మార్చి పంపింది.

"ఇప్పుడు చూపించండి."

"ఎడమ చెంప మీది మచ్చ వచ్చి ఎన్నేళ్లయింది?"

"చిన్నప్పట్నుంచీ ఉంది," అన్నాడు దాలినాయుడు, తడుముకోకుండా.

"భయం లేదు."

మందాకిని మాటలో పొరపాటు దిద్దింది సరే, ఈ అబద్ధాన్ని దేంతో దిద్దాలి? కోపమూ జాలీ ఒక్కసారే పొంగుకొచ్చాయి. అద్దాలన్నింటికీ చెవులు మూసేసింది. ఇక అవి ఎవర్నీ ఏదీ అడగవు, చర్మాన్నే నమ్ముతాయి.

ఈసారి అద్దం ప్రశ్న వేయలేదు. "క్యాన్సర్ అనుమానం. ముక్క తీసి పరీక్షించాలి."

"దాన్ని తయారుచేసిన మనిషై ఉండి, ఎందుకండీ అబద్ధమాడారు?" అంది మందాకిని.

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "భయమేసిందమ్మా. 'భయం లేదు' అని అది అంటేనే ఆ పూటకి అన్నం సయించేది."

"ముందు ఆస్పత్రికి పదండి," అంటూ చెయ్యి పట్టుకుంది.

అది క్యాన్సరే. తొలిదశలోనే దొరికింది కాబట్టి కోసి తీసేశారు, గండం గడిచింది.

చెంపకు కట్టుతో దాలినాయుడు తిరిగొచ్చేసరికి ప్రయోగశాలలో ఫోన్లు ఆగకుండా మోగుతున్నాయి. ఒకటి తీశాడు.

"మా అద్దం పాడైందండీ! ఏమీ అడక్కుండానే క్యాన్సరంటోంది. మునుపట్లా అడగమనండి, నేను చెప్తాను!"

"పాడవలేదు బాబూ, బాగుపడింది," అన్నాడు దాలినాయుడు. "నువ్వు ముందు ఆస్పత్రికెళ్లు."