మెమరీ ఒక మెట్టు పైకి

ఏలీయాను ఐ.పోలవరంలో రొయ్యల చెరువు గట్టు మీద కాల్చి చంపారు. 2005 మే పదో తేదీ. కాల్చినవాడు చెరువు యజమాని మాణిక్యాలరావు. ఏలీయా జేబులోని డిస్కు తీసుకుని భోజనానికి వెళ్ళాడు.

మూడో రోజు అమలాపురంలో ఏజెంట్ దొరబాబుకు చీఫ్ బ్రీఫింగ్ ఇచ్చాడు.

“డిస్కులో మన ఏజెంట్లు పదకొండు మంది పేర్లున్నాయి, కోడ్‌లో. చెరువు షెడ్డులో ఓవర్‌క్లాక్ చేసిన, అంటే ఉండాల్సిన దానికన్నా వేగంగా పరిగెత్తించే, కంప్యూటర్ పెట్టి కోడ్ విప్పుతున్నారు. రేపు సాయంత్రం నాలుగింటికి విడిపోతుంది. ఆ పేర్లు కొనే విదేశీయుడు పడవలో ఉన్నాడు. రెయిడ్ వాసన తగిలితే మాణిక్యాలరావు డిస్కుతో పడవెక్కేస్తాడు. రేపు చీకటిపడేలోగా పదకొండు మందినీ తప్పిస్తాం. అందాకా కోడ్ విడకూడదు.”

“ఏలీయా నా పార్ట్‌నర్ సార్. వాణ్ణి నాకొదిలేయండి.”

“ముందు మెషీన్. తర్వాత మనిషి.”

మర్నాడు మధ్యాహ్నం దొరబాబు కంప్యూటర్ మెకానిక్ వేషంలో షెడ్డుకు వెళ్ళాడు. గుమ్మంలో నల్లకళ్ళద్దాల భవానీదేవి ఎదురైంది. విదేశీయుడి దుబాసీ. జీతం మాత్రం రెండు వైపులా.

“ముమ్మిడివరం నుంచేనాండీ?”

“ఆయ్. ఐనవిల్లి మీదుగా వచ్చేనండి.”

ఆ దారిన ఎవరూ రారు. అదే వాళ్ళిద్దరి గుర్తుమాట.

ఫ్యాన్ తుడిచే వంకతో దొరబాబు మెషీన్ ఆపి, మళ్ళీ ఆన్ చేసి, సెట్టింగుల్లో మెమరీ వేగం 333 నుంచి 400కు పెంచాడు. వోల్టేజ్ ముట్టుకోలేదు. ఆ రకం ప్రాసెసర్‌లో మెమరీని నడిపే భాగం లోపలే ఉంటుంది. మెమరీ వేగం పెరిగితే దానికి మరింత వోల్టేజ్ కావాలి. అప్పటిదాకా 1.45 వోల్టులతో నిలబడిన ప్రాసెసర్ ఇక నిలబడదు.

మూడున్నరకు స్క్రీన్ బిగుసుకుపోయింది.

“ఏవయ్యా, ఏం చేసేవ్?” అన్నాడు పక్కనే కూర్చున్న మాణిక్యాలరావు.

“వోల్టేజ్ చాలట్లేదనుకుంటానండి. పెంచడం నావల్ల కాదండి, భయం.”

“తప్పుకో. పదిహేనేళ్ళుగా ఈ చెరువు మీద వోల్టేజ్ చూసేది నేనేనోయ్.”

మే నెలలో కరెంటు పడిపోతే చెరువుల వాళ్ళు చేసేది ఒకటే, స్టెబిలైజర్ నాబ్ ఒక మెట్టు పైకి తిప్పడం. మాణిక్యాలరావు ఇక్కడా అదే చేశాడు. 1.55. మెషీన్ లెక్క ఆగినచోటు నుంచే నడిచి, మళ్ళీ ఆగింది. 1.65. మళ్ళీ నడిచింది. మెమరీని ఒక మెట్టు దించితే సరిపోయేది. ఆ ఆలోచన అతనికి రాలేదు.

మూడు యాభై ఎనిమిది. తొంభై తొమ్మిది శాతం. ఆగింది.

“ఇంకొక్క మెట్టండి,” అన్నాడు దొరబాబు.

1.75. కాలిన వాసన. స్క్రీన్ నల్లబడింది.

భవానీదేవి వైర్‌లెస్‌లో ఒక్క ముక్క చెప్పింది. పడవ వెళ్ళిపోయింది.

మాణిక్యాలరావు పిస్టల్ తీశాడు. దొరబాబు ఆ మణికట్టు పట్టి, ఎముక విరిగేదాకా తిప్పాడు. పిస్టల్ లాక్కుని అతని నుదుటికి ఆనించాడు.

“ఏలీయా గుర్తున్నాడాండీ?”

“కాల్చెయ్.”

“అంత తేలిగ్గానాండీ? బతకాలండి మీరు. జైల్లో రోజూ పొద్దున్న లేచి ఆ ఒక్క శాతం తల్చుకోవాలి.”

సంకెళ్ళు వేశాక చీఫ్‌కు ఫోన్ చేసి మెషీన్ కాలిపోయిందని చెప్పాడు.

“మెషీన్ ఎవరు తగలేశారు?”

“మాణిక్యాలరావు గారేనండి. నన్ను ముట్టుకోనివ్వలేదు.”