జవాబుకి వదిలిన జాగా

పరాయి దేశం నుంచి తిరిగొచ్చిన వారానికి, ఒకరోజు పొద్దున్నే, ఆమెకి తన గొంతే వినబడి మెలకువొచ్చింది.

"లేచావా తల్లీ?"

పక్కగదిలోంచి. కల అనుకుందామంటే కళ్ళు తెరిచే ఉన్నాయి. తన నోరేమో మూసే ఉంది.

"లేచానమ్మా," అంది కూతురు.

"మంచిది. పళ్ళు తోముకున్నావా?"

"ఇప్పుడే తోముకున్నా."

"మంచిది."

ఆమె లేచి ఆ గది తలుపు దగ్గరికి వెళ్ళింది. చిన్నప్పుడు ఆ పిల్ల ఒట్టి వసపిట్ట, ఆ నోరు చూసే అందరూ 'పిట్ట' అన్నారు. తను వచ్చిన దగ్గర్నుంచి మాత్రం పట్టుమని పది మాటలు మాట్లాడలేదు, ఏమడిగినా తల ఊపడమే. అలాంటిది తలుపవతల గలగలా కబుర్లు చెబుతోంది. ఎవరితో? తనతోనే! మరి తలుపు ఇవతల నిలబడ్డదెవరు?

వంటింట్లో భర్త టీ పెడుతున్నాడు.

"లోపల ఎవరండీ?"

"ఇంకెవరు, నువ్వే," అని నవ్వాడాయన. "రోజూ డ్యూటీకి ముందు మాటలు రికార్డు చేసి పంపేదానివిగా, అవన్నీ దాచుకుంది. పొద్దున్నే ఒకటి పెట్టుకుంటుంది."

"నేను వచ్చేశాక కూడానా?"

ఆయన నవ్వు ఆగిపోయింది. "నేనూ అదే అడిగాను. పలకలేదు."

అక్కడ ఆమెది ఒక పెద్ద హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేసే పని. ఇక్కడ పిల్ల లేచే వేళకి అక్కడ డ్యూటీ నడుస్తుండేది, ఫోను బీరువాలో పెట్టి లోపలికి వెళ్ళాల్సిందే. అందుకని ముందే ఆ బీరువా దగ్గర నిలబడి మాటలు రికార్డు చేసి పంపేది. ఒక ప్రశ్న అడిగి, పిల్ల జవాబు చెప్పేంత జాగా వదిలి, 'మంచిది' అని ఇంకోటి అడిగేది. అమ్మ ఎదురుగా ఉన్నట్టే ఉంటుందని తన తెలివికి తనే మురిసిపోయేది కూడా.

తలుపు తోసింది. పిట్ట మంచానికి ఒక వారగా కూర్చుని జడ వేసుకుంటోంది. రెండోవైపు తలగడ మీద, మెడదాకా దుప్పటి కప్పినట్టు, ఫోను ఆనించి ఉంది.

"ఆపెయ్ పిట్టా."

"ష్! అమ్మ మాట్లాడుతోంది."

"అమ్మని నేనే!"

పిట్ట ఆమెని ఎగాదిగా చూసింది, వేళ కాని వేళ వచ్చిన పొరుగావిణ్ణి చూసినట్టు. "నువ్వు మళ్ళీ వెళ్ళిపో."

"ఏంటే ఆ మాట?"

"పనిలోకి రమ్మని హోటల్ వాళ్ళు ఫోన్ చేశారుగా, విన్నాను. వెళ్ళు. నువ్వొచ్చాక అమ్మ కొత్తవి పంపడం మానేసింది."

గుమ్మంలోంచి భర్త కసిరాడు, "పిట్టా! ఏం మాటలవి?"

"మరేంటి నాన్నా! ఆవిడ ఒకటడిగి ఆగుతుంది. ఈవిడ ఆగదు. తిన్నావా, చదివావా, ఆ జడేంటి, ఆ నడకేంటి... నేను నోరు తెరిచేలోపు నాలుగు అడిగేస్తుంది."

"అది నీ జవాబు వినదే, పిచ్చిదానా! ఏం చెప్పినా మంచిదే అంటుంది!" అంది ఆమె.

"నాకు తెలీదా?" అంది పిట్ట. "నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఇంట్లో నేనొక్కదాన్నే. 'నాన్న బాగున్నాడా?' అంది. 'లేడమ్మా, నాకు భయమేస్తోంది' అన్నాను. 'మంచిది తల్లీ' అంది. అప్పట్నుంచి ఏమడిగినా బాగున్నామనే చెబుతున్నా. అలా చెబితేనే ఆ 'మంచిది'కి సరిపోతోంది."

ఆమె భర్త వైపు తిరిగింది. ఆయన తల దించుకున్నాడు. "అంత దూరంలో కంగారుపడతావని... చెప్పలేదు."

"తిన్నావా?" అని తలగడ మీంచి ఆమె గొంతు అడిగింది.

ఎవరూ పలకలేదు.

"మంచిది," అంది ఫోను, ముద్దుగా, నవ్వుతూ.

ఎన్నేళ్ళుగానో తను అంటున్న ఆ మాట ఇవతల ఎలా వినబడుతుందో ఆమెకి తెలిసిరావడం అదే మొదటిసారి. కన్నీళ్ళు ధారగా కారుతుంటే మంచం పక్కన నేలమీదే చతికిలబడింది. తిట్టాలనిపించింది, కానీ తిట్టడానికి ఎదురుగా తనే ఉంది.

"భయమేసిందా, తల్లీ?" అని అడిగింది. అడిగి ఆగింది.

ఫోనైతే ఈపాటికి 'మంచిది' అనేసేది. ఆ జాగా దాటిపోయింది. వంటింట్లో టీ పొంగి పొయ్యి చుయ్యిమంది. భర్త కదలబోతే ఆమె చెయ్యెత్తి ఆపింది. ఇంకా ఎదురుచూసింది.

"ఇప్పుడూ వేస్తోంది," అంది పిట్ట, చాలాసేపటికి.

అలవాటుగా ఆమె పెదాల మీదికి 'మంచిది' వచ్చేసింది. పళ్ళ బిగువున ఆపుకుంది. "దేనికే?"

మళ్ళీ ఆగింది.

పిట్ట ముఖం చిన్నపిల్ల ముఖమైపోయింది. "నేను పొమ్మన్నానని నువ్వు నిజంగానే వెళ్ళిపోతావేమోనని."

"ఎక్కడికీ పోనమ్మా, ఎక్కడికీ పోను!" అంటూ కూతుర్ని గుండెకి హత్తుకుంది. ఇద్దరూ వెక్కివెక్కి ఏడ్చారు.

తలగడ మీద తర్వాతది దానంతటదే మొదలైంది. "లేచావా తల్లీ?"

పిట్ట అటు తిరగలేదు. అమ్మ కళ్ళలోకే చూస్తూ, "లేచానమ్మా," అంది.

'మంచిది' వినబడేలోపు ఆమె చెయ్యి చాచి ఫోను ఆపేసింది.